తొట్టి అడుగున ఇసుక

ఆదినారాయణ బిలాస్‌పూర్ లోకో షెడ్డులో ఇసుక పని చేసేవాడు. వానకో, చలికాలపు మంచుకో పట్టాలు తడిసినప్పుడు ఇంజను చక్రాలు జారిపోకుండా వాటి ముందు కాస్త ఇసుక రాలుస్తారు. ఇసుకలో చెమ్మ ఉంటే అది గొట్టంలో ఇరుక్కుపోతుంది. అందుకని నది ఇసుకను భట్టీ మీద ఎండబెట్టి, జల్లెడ పట్టి, పొడిపొడిగా చేసి ఇంజను పెట్టెల్లో నింపాలి. ఇరవై రెండేళ్లుగా ఆయన చేస్తూ వచ్చిన పని అదే. గుప్పెడు ఇసుక వేళ్ల సందున రాల్చి చూసి, ఇంకెంతసేపు భట్టీ మీద ఉంచాలో చెప్పేవాడు. ఆయన తండ్రి టెక్కలి వైపు నుంచి గ్యాంగ్‌మన్‌గా వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆదినారాయణ పుట్టింది, పెరిగింది, పెళ్లి చేసుకుంది అంతా రైల్వే క్వార్టర్లలోనే. తెలుగు అయిదో తరగతి దాకా చదివాడు.

నలభై నాలుగేళ్లు వచ్చేదాకా ఆయన్ని ఎవరూ ఏ విషయంలోనూ సలహా అడగలేదు. అడగకపోవడం ఆయనకు లోటుగా కూడా అనిపించలేదు.

కాలనీ చివర తెలుగు కుటుంబాల వాళ్లు నడుపుకునే పఠన మందిరం ఒకటి ఉండేది. పేరు పెద్దదే గాని, ఉన్నది ఒక్క గది. రెండు బీరువాల పుస్తకాలు, పొడుగాటి బల్ల ఒకటి, మూడు రోజులు ఆలస్యంగా వచ్చే విశాఖపట్నం పేపరు. పెద్దవాళ్లు పేపరు తిరగేసి వెళ్లిపోయేవారు. పిల్లలు గుమ్మం తొక్కేవారు కాదు. వాళ్లకు హిందీ ఎంత తేలికో తెలుగు అక్షరం అంత బరువు. సెక్రటరీ భాస్కరరావు డివిజన్ ఆఫీసులో హెడ్ క్లర్కు. ఆయన 1987లో ఒక ఉపాయం ఆలోచించాడు. పిల్లలు చేపలు చూడ్డానికైనా వస్తారు, వచ్చి కూర్చుంటే ఏదో ఒక పుస్తకం చేతిలోకి తీసుకుంటారు అని, కలకత్తా నుంచి నాలుగడుగుల గాజు తొట్టి, దాంతోపాటు అడుగున పరచడానికి ఓ సంచెడు నీలం రంగు గులకరాళ్లు తెప్పించాడు.

పిల్లలు వచ్చారు. చేపలు బాగానే తిరిగాయి. తొట్టిలో నాటిన మొక్కలు మాత్రం వారం తిరక్కుండా వేళ్లు ఊడి పైకి తేలి కుళ్లిపోయేవి. మూడుసార్లు మొక్కలు మార్చారు, మూడుసార్లూ అంతే.

ఒక ఆదివారం ఆదినారాయణ బల్ల చివర కూర్చుని ఎవరో చదువుతున్న పేపరు వింటున్నాడు. భాస్కరరావు చేయి నీళ్లలో పెట్టి తేలిన మొక్కల్ని తీసేస్తున్నాడు. ఆదినారాయణ ఉండబట్టలేక అన్నాడు.

"బాబుగారూ, ఆ రాళ్లు మొక్క వేరుకి పట్టియ్యవండి. ఇసకెయ్యాల. అర్పా ఏట్లో సూడండి, నీటి మొక్కలు ఇసకలోనే కదేటి నిలబడతాయి."

భాస్కరరావు తడిచేయి తుడుచుకుంటూ ఆయన్ని కొత్తగా చూసినట్టు చూశాడు. "అచ్ఛా. అయితే ఆ పనేదో మీరే చెయ్యండి."

ఆదినారాయణ షెడ్డు ఇసుక గింజ ముట్టుకోలేదు. సైకిలు మీద అర్పాకు వెళ్లి రెండు గంపలు తెచ్చాడు. పెరట్లో పంపు కింద ఏడు నీళ్లలో కడిగాడు. నీళ్లు తేటపడ్డాక ఎండబోశాడు. అక్కడితో ఆగితే బాగుండేది. కాని చేతికి అలవాటైన పని ఒకటుంది కదా, జల్లెడ తీసి మైదాపిండిలాగా మెత్తటి ఇసుకను వేరుచేశాడు. తొట్టి అడుగున చెరువు మట్టి పలచగా పరిచి, దాని మీద ఈ మెత్తటి ఇసుకను జానెడు మందాన పోశాడు. ఊరి బయట కోని వైపు కాలవలో దొరికిన రిబ్బన్లలాంటి ఆకుల మొక్కలు తెచ్చి నాటాడు.

రెండు నెలల్లో తొట్టి పచ్చటి చేనులా తయారైంది. ఆకుల మధ్య నుంచి చేపలు తొంగిచూస్తుంటే పిల్లలు గాజుకు ముక్కులు ఆనించి చూసేవారు. వాళ్లే ఆయనకు ఇసుక మాస్టారని పేరు పెట్టారు. ఆ పేరు కాలనీ అంతా పాకింది. రైల్వే డాక్టరుగారింట్లో తొట్టి పెట్టడానికి పిలిచారు. ఒక ఇంజనీరుగారి భార్య కుర్చీ వేసి కూర్చోబెట్టి టీ ఇచ్చింది. అంతకు ముందు ఏ ఆఫీసరు ఇంట్లోనూ వరండా దాటి లోపలికి వెళ్లని మనిషి ఆయన. తెల్లచొక్కా ఒకటి కుట్టించుకుని ఆ పిలుపులకు మాత్రమే తొడుక్కునేవాడు. అడిగినదానికి తెలిసినా తెలియకపోయినా జవాబు చెప్పడం మొదలుపెట్టాడు. చేపలకు ఏ జబ్బు చేస్తే ఏం వెయ్యాలో, ఏ మొక్కకు ఎంత వెలుతురు కావాలో, ఏది అడిగినా చెప్పేవాడు. తెలియదని చెబితే ఆ కుర్చీ మళ్లీ వరండాలోకి వెళ్లిపోతుందేమోనని ఆయన భయం.

పఠన మందిరం ఊడ్చి, ఫినాయిలు వేసి తుడిచి, కుండలో మంచినీళ్లు నింపే మనిషి చిన్నతల్లి. భర్త పోయాక కాలనీలో నాలుగైదు తెలుగు ఇళ్లలో పాచిపని చేసుకుని బతికేది. ఆమెదీ టెక్కలి వైపే. ఆ వరసన ఆదినారాయణను అన్నయ్యా అని పిలిచేది. ఆయన భార్య కనకమహాలక్ష్మికి ఒంట్లో బాగాలేనప్పుడు రెండు నెలలు వచ్చి వండిపెట్టింది కూడా.

ఏప్రిల్లో ఒకరోజు, గదిలో పదిమంది ఉండగా, ఆమె తొట్టి పక్కన చీపురు పట్టుకుని నిలబడి అంది.

"అన్నయ్యా, ఇలగొచ్చి సూడు. ఇసక కింద నల్లగ బొగ్గునాగైపోనాది. దగ్గరికెల్తే ఏటో కుల్లు కంపు."

నిజమే, గాజు పక్కనుంచి చూస్తే మధ్యమధ్య నల్లటి మచ్చలు కనిపిస్తున్నాయి. ఆదినారాయణ వాటిని అంతకు ముందే చూశాడు. అవేమిటో ఆయనకు తెలియదు.

"అది మొక్కల బలం. నీకేటి తెలస్తాది," అన్నాడు.

"కాదన్నయ్యా. మా ఊరి సెరువులో గేదెలు దిగి తొక్కుతుంటే అడుగు బాగుంటాది. గేదెలు దిగని మూల మన్ను ఇలగే నల్లగయ్యి కంపుగొట్టీది. ఓపాలి పుల్లెట్టి కలియబెడితే పోద్దేమో."

"ఇరవయ్యేళ్లబట్టి ఇసకతో బతుకుతన్నోడిని. నువ్వు నాకు ఇసక నేర్పుతావేటి? నీ తుడుపు నువ్వు సూసుకో."

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. చిన్నతల్లి వంగి ఊడవడం అందుకుంది.

మే నెలలో ఒక ఆదివారం పొద్దున పిల్లల పద్యాల పోటీ పెట్టారు. ముందురోజు సాయంత్రం ఆదినారాయణ తొట్టిని ఇంకా అందంగా చేద్దామని పెద్ద మొక్క ఒకటి తెచ్చాడు. దాన్ని నాటడానికి ఇసుకలోకి పిడికిలి లోతుగా దింపాడు. ఇసుక గట్టిపడిపోయి దిమ్మలా ఉంది. బలంగా నొక్కేసరికి ఒక్కసారిగా బుడగలు లేచాయి. పెద్దపెద్ద బుడగలు. కుళ్లిన గుడ్డు వాసన ముక్కుకు కొట్టింది. ఆయన చేయి పైకి తీసి వాసన చూసుకున్నాడు. చిన్నతల్లి చెప్పిన మాట గుర్తుకురాకపోలేదు. నీళ్లు మార్చాలంటే అన్నీ తీసి మొదటినుంచి చెయ్యాలి, తెల్లారితే పోటీ. పంపు దగ్గర సబ్బుతో చేయి కడుక్కుని, కిటికీలు తెరిచిపెట్టి ఇంటికి వెళ్లిపోయాడు.

పొద్దున్నే వచ్చేసరికి చేపలన్నీ వెల్లకిలా తేలి ఉన్నాయి.

తల్లిదండ్రులు వచ్చేశారు. పద్యాలు నేర్చుకుని, తలలకు నూనె రాసుకుని వచ్చిన పిల్లలు తొట్టి చుట్టూ మూగారు. ఇద్దరు ముగ్గురు ఏడుపు అందుకున్నారు. పోటీ ఉందని చిన్నతల్లి తెల్లారగట్లే వచ్చి గదంతా తుడిచినట్టుంది, ఫినాయిలు వాసన ఇంకా ఆరలేదు. ఆమె గుమ్మం దగ్గర బకెట్టు పట్టుకుని నిలబడి ఉంది.

"ఏమయింది ఆదినారాయణా?" అని భాస్కరరావు అడిగాడు. అందరూ ఆయన వైపే చూశారు. డాక్టరుగారు కూడా ఉన్నారు.

నిన్న సాయంత్రం జరిగింది చెప్పడానికి నాలుగు మాటలు చాలు. ఆ నాలుగు మాటలూ నోటిదాకా వచ్చాయి. వాటి స్థానంలో వేరే మాట బయటికొచ్చింది.

"ఫినాయిలు సెయ్యి నీల్లలో పడుంటాది బాబుగారూ."

పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు. ముఖాలన్నీ గుమ్మం వైపు తిరిగాయి.

"నాను ముట్టుకోనేదు," అంది చిన్నతల్లి. ఒక్కసారే అంది. అలా అని ఆదినారాయణ వైపు చూసింది. ఆయన ఏదో ఒకటి అంటాడని, కనీసం తను పొరబడ్డానేమోనని అయినా అంటాడని ఆగినట్టు చూసింది. ఆయన వల తీసుకుని చచ్చిన చేపల్ని ఏరడానికి తొట్టిమీదికి వంగాడు. అవన్నీ ఏరడం అయ్యేదాకా తల ఎత్తలేదు.

ఆ మర్నాటి నుంచి ఆమెను పఠన మందిరానికి రావద్దన్నారు. ఫినాయిలు చేతుల్తో దేన్ని ముట్టుకుంటుందోనని రెండిళ్ల వాళ్లు మానిపించారు. మిగిలిన ఇళ్లవాళ్లు ఒకరిని చూసి ఒకరు మానిపించారు. ఆమె పొద్దున్నే బస్సెక్కి కోని వెళ్లి, అక్కడ ఒక విద్యార్థుల హాస్టల్లో వంటపాత్రలు తోముతోందని ఆదినారాయణ కాలనీలో విన్నాడు.

తొట్టిని ఖాళీ చేసింది ఆయనే. ఇసుక గంపల్లో ఎత్తి ఇంటి పెరట్లోకి తెచ్చి పోశాడు. పైన రెండు వేళ్ల మందం తప్పితే కిందంతా తారులాగా నల్లగా ఉంది. కంపు భరించలేక కనకమహాలక్ష్మి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని బయటికొచ్చింది.

"ఏటండీ ఈ కంపు? ఫినాయిలు వాసన ఇలగుంటాదేటి?"

ఆయన గంప బోర్లించి దులిపాడు. ఆవిడ కాసేపు ఆయన ముఖంలోకి చూసి లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజునుంచి ఆవిడ ఆయన ఎదుట చిన్నతల్లి పేరెత్తలేదు. ఆవిడకు తెలిసిపోయిందని ఆయనకు అర్థమైంది. తిట్టి ఉంటే కాస్త తేలికపడేవాడు.

గాలి, ఎండ తగిలేసరికి ఆ ఇసుక నాలుగు రోజుల్లో నలుపు విరిగి మామూలు రంగుకొచ్చింది. కంపు పోయింది. అయిదో రోజు పెరట్లో నిలబడి గుప్పెట్లోకి తీసుకుంటే నదిలో ఉన్నప్పటిలాగే ఉంది. కుళ్లిందని ఎవరికైనా చూపించాలన్నా ఇప్పుడు చూపించడానికి ఏమీ లేదు. ఆ మాట తోచగానే ఆయనకు ముందు ఊరట కలిగింది. వెంటనే తన మీద తనకే రోత పుట్టింది.

తొట్టి మళ్లీ పెట్టమన్నారు. ఈసారి ఇసుకను మెత్తగా జల్లించలేదు, రవ్వలా ఉన్నదాన్ని తీసుకున్నాడు. జానెడు కాకుండా మూడు వేళ్ల మందమే పోశాడు. వారానికొకసారి వెదురుపుల్లతో మొక్కల వేళ్లకు తగలకుండా ఇసుకను నెమ్మదిగా కదిపేవాడు. చిన్నతల్లి చెప్పిందే, గేదెలు తొక్కే పనిని పుల్లతో చెయ్యడం. తొట్టి మొదటిసారి కన్నా బాగా వచ్చింది. నెలలు గడిచినా ఒక్క చేప చావలేదు.

"చూశారా," అన్నాడు భాస్కరరావు ఒకసారి పదిమందిలో. "ఆవిడ చెయ్యి పడకపోయేసరికి ఎంత బాగున్నాయో. ఆదినారాయణ ఆ రోజు సరిగ్గానే పట్టాడు."

ఆదినారాయణ వెదురుపుల్ల నీళ్లలో ఉంచి అలాగే నిలబడిపోయాడు. ఆమె చెప్పిన పని చేస్తున్నందుకు చేపలు బతుకుతున్నాయి, అవి బతకడమే ఆమె తప్పుకు సాక్ష్యమవుతోంది. ఎవరైనా తొట్టిని మెచ్చుకుంటే తలవంచుకునేవాడు. వాళ్లు దాన్ని వినయం అనుకునేవారు. తెల్లచొక్కా తొడుక్కోవడం మానేశాడు. పెద్దవాళ్ల ఇళ్లకు పిలిస్తే షెడ్డులో పని ఎక్కువగా ఉందనేవాడు. కోని బస్సు ఆగే చోటు షెడ్డుకు వెళ్లే దారిలోనే ఉండటంతో, చుట్టూ తిరిగి పట్టాలు దాటి వెళ్లడం మొదలుపెట్టాడు.

అలా ఏడాది దాకా గడిచింది. మరుసటి ఉగాదికి పఠన మందిరంవాళ్లు చేతిరాత పత్రిక తయారుచేసి గోడకు అంటించాలనుకున్నారు. చేపల తొట్టిలో ఇసుక ఎలా వెయ్యాలో మీరు రాయండి అని భాస్కరరావు అడిగాడు. ఆదినారాయణ జీవితంలో ఉత్తరాలు తప్ప ఏమీ రాయలేదు. రెండు ఆదివారాలు వాకిట్లో మంచం మీద కూర్చుని పెన్సిలుతో రాశాడు. ఇసుక ఎక్కడ తేవాలి, ఎన్ని నీళ్లలో కడగాలి, నిమ్మరసం పిండితే పొంగే సున్నపు ఇసుక ఎందుకు పనికిరాదు, కింద మట్టి ఎంత పరచాలి, వరసగా అన్నీ వచ్చాయి. ఇసుకను వారానికోసారి కదపాలి అని రాశాక పెన్సిలు ఆగిపోయింది. కదపకపోతే ఏమవుతుంది? అడుగు నల్లబడుతుంది. నల్లబడితే? చేపలు చస్తాయి. ఆ సంగతి మీకెలా తెలుసు అని చదివినవాళ్లు అడగరా?

చివరికి రాశాడు. "కదపకపోతే ఇసుక కుళ్లి చేపలు చస్తాయి. మన తొట్టిలో పోయిన సంవత్సరం చేపలు చచ్చినది నా వల్ల. చిన్నతల్లి ముందే చెప్పినది. నేను వినలేదు. ఆమె నీళ్లు ముట్టలేదు." అక్షరాలు ఎగుడుదిగుడుగా వచ్చాయి. రాసిన కాగితం ఆ పూటే భాస్కరరావుకు ఇచ్చేసి వచ్చాడు.

ఉగాది రోజు గోడమీద పత్రిక అంటించారు. ఆయన వ్యాసం ఎవరో గుండ్రటి అక్షరాలతో తిరగరాశారు. "కదపకపోతే చేపలకు మంచిది కాదు" అని ఉంది. అంతే. మిగిలిన వాక్యాలు లేవు.

"అవన్నీ ఎందుకండీ పండగపూట," అన్నాడు భాస్కరరావు గొంతు తగ్గించి. "అయిపోయిందేదో అయిపోయింది. కమిటీకీ మాట వస్తుంది కదా."

"అలగేనండి," అన్నాడు ఆదినారాయణ.

ఇంటికి నడుస్తుంటే గుండె మీది బరువు దిగినట్టు అనిపించింది. నేను రాశాను, వాళ్లు తీసేశారు, ఇంక నా తప్పేముంది అనుకున్నాడు. ఇంటిదాకా వచ్చాక గాని ఆ తేలిక ఎంత సిగ్గుమాలినదో తట్టలేదు. గుమ్మంలోనే చెప్పులు విప్పకుండా నిలబడిపోయాడు. కనకమహాలక్ష్మి ఉగాది పచ్చడి గిన్నె పట్టుకొచ్చి చూసి, గిన్నె అరుగు మీద పెట్టి వెళ్లింది.

మర్నాడు పొద్దున ఆయన చుట్టుదారి వదిలి బస్సు ఆగే చోటికి వెళ్లాడు. చిన్నతల్లి సంచి పట్టుకుని చెట్టు కింద నిలబడి ఉంది. బాగా చిక్కింది. ఆయన్ని చూసి కొంగు సర్దుకుంది.

"చిన్నతల్లీ, ఆ యేల తప్పు నాదే. ముందురోజు నానే ఇసకలో సెయ్యెట్టి నొక్కినాను. కంపొచ్చినాది. తెలిసే ఊరుకున్నాను."

"నాకు తెలుసు," అంది ఆమె. "తెల్లారగట్ల తుడస్తంటే గదంతా అదే కంపు. మీకూ తెలుసని ఆ పూటే తెలిసింది."

ఆయన ఏదో చెప్పబోయాడు. ఆమె చేయి అడ్డం పెట్టింది.

"నాకెందుకు సెప్తన్నారు బాబూ. నాకు తెలియందేటి ఉందని? ఎవులికి తెలీదో ఆలకి సెప్పండి."

బస్సు వచ్చింది. ఆమె ఎక్కి వెళ్లిపోయింది. అన్నయ్యా అనలేదు. పరాయివాళ్లను పిలిచినట్టు బాబూ అంది. ఆ ఒక్క మాట ఆయన చెవిలో ఆ రోజంతా ఉండిపోయింది. భట్టీ మీద ఇసుక మాడిపోతున్నా చూసుకోలేదు.

ఆ తర్వాతి ఆదివారం పఠన మందిరం నిండా మనుషులున్నారు. పేపరు చదవడం అయ్యాక ఆదినారాయణ లేచి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చెప్పడం మొదలుపెట్టాక మాటలు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి వచ్చాయి. పిల్లలకు అర్థం కాలేదు. ఒక అమ్మాయి "క్యా హువా థా, అంకుల్?" అని, అసలేం జరిగిందో చెప్పమని అడిగింది. దాంతో మొత్తం కథ మళ్లీ హిందీలో చెప్పాల్సి వచ్చింది. తెలుగులో కొన్ని మాటల చాటున దాక్కునే వీలుంది. హిందీలో అది కూడా లేకపోయింది. "గలతీ మేరీ థీ, మైనే ఝూఠ్ బోలా," తప్పు నాదే, అబద్ధమాడాను అన్నాడు. వెనక ఎవరో చిన్నగా నవ్వారు. డాక్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. చేపలకోసం ఇంత రాద్ధాంతమా అని ఒకాయన అన్నాడు.

"చేపలకోసం కాదండి," అని ఆదినారాయణ కూర్చున్నాడు.

కమిటీవాళ్లు గొణుక్కున్నా చిన్నతల్లికి కబురుపెట్టారు. ఆమె రానంది. కోని హాస్టల్లో తనకు పని కుదిరిందని, అక్కడివాళ్లు బాగా చూసుకుంటున్నారని చెప్పి పంపింది. ఒకటి రెండు ఇళ్లవాళ్లు వెళ్లి పిలిచినా రాలేదు. తర్వాత బజార్లో ఆదినారాయణ కనబడితే ముఖం తిప్పుకునేది కాదు. కనకమహాలక్ష్మి ఎలా ఉందని అడిగేది. ఆయన్ని బాబూ అనే పిలిచేది. అది మారుతుందని ఆయన ఎదురుచూడటం కొన్నాళ్లకు మానుకున్నాడు.

ఆవిరి ఇంజన్లు పోయి షెడ్డు స్వరూపం మారిపోయాక ఆయన్ని వేరే పనికి మార్చారు. ఇళ్లలో తొట్లు పెట్టడానికి అప్పుడప్పుడు ఇంకా పిలిచేవారు. వెళ్లేవాడు. ఏ ఇంట్లోనైనా గంప దించి ఇసుక పొయ్యకముందే, పఠన మందిరంలో చేపలు ఎలా చచ్చాయో, దానికి తను ఎవరి మీద నింద వేశాడో చిన్నతల్లి పేరుతో సహా చెప్పేవాడు. చెప్పేటప్పుడు ప్రతిసారీ చెవులు వేడెక్కేవి. ఎన్నిసార్లు చెప్పినా అది తగ్గలేదు.

"ఇంకెన్నాల్లండీ ఇది?" అని కనకమహాలక్ష్మి ఒకసారి అడిగింది.

"ఏమో," అన్నాడు.

1992లో తఖత్‌పూర్ రోడ్డులో కొత్తగా కాపురం పెట్టిన ఒక బ్యాంకు ఆఫీసరు ఇంట్లోనూ అలాగే చెప్పాడు. ఆ దంపతులు కూర్చుని మర్యాదగా విన్నారు. విన్నాక ఆ అమ్మాయి, అయితే ఎర్ర చేపలు కొనాలా, నల్లవా అని అడిగింది. ఆదినారాయణ తనకు సరిగ్గా తెలియదని చెప్పి, ఇసుక కడగడానికి పంపు ఎక్కడుందో చూపించమన్నాడు.